బెజవాడ నుంచి హంప్తా పాస్‌కు: నిదానంగా ఎక్కి క్షేమంగా దిగి రావడం ఎలా

మనకి కొండ అంటే ఇంద్రకీలాద్రి. తెల్లారకముందే మెట్లెక్కి, దుర్గమ్మ దర్శనం చేసుకుని, ప్రసాదం పొట్లం పట్టుకుని టిఫిన్ వేళకి ఇంట్లో ఉంటాం. అందుకే హిమాలయాల్లో ట్రెక్ అనగానే మనలో చాలామంది "ఏముంది, నాలుగు కొండలు ఎక్కువ, మెట్లు తక్కువ" అనేస్తారు. నేనూ అలాగే అనుకుని వెళ్లాను. మొదటిసారి హంప్తా పాస్, అంటే కొండల నడుమ అవతలికి దాటే కనుమ, చూడకుండానే వెనక్కి వచ్చాను. రెండోసారి దాటాను. ఈ రెండు ప్రయాణాల మధ్య నా కాళ్లకి కొత్తగా వచ్చిన బలమేమీ లేదు. కాస్త తొందర తగ్గిందంతే. కింద రాసిందంతా ఆ తొందర ఎక్కడెక్కడ తగ్గించుకోవాలో చెప్పడానికే.

హంప్తానే ఎందుకంటే, మైదానంలో పుట్టి పెరిగినవాళ్ల మొదటి పెద్ద నడకకి అది సరిగ్గా సరిపోతుంది. హిమాచల్‌లో మనాలీ దగ్గర జోబ్రా అనే చోట మొదలై, నాలుగు రోజుల్లో అవతల లాహౌల్ వైపు చత్రులో దిగుతుంది. పాస్ ఎత్తు 4,270 మీటర్లు, అంటే 14,000 అడుగుల పైమాట. మన విజయవాడ, గుంటూరు సముద్రమట్టానికి పదుల మీటర్ల ఎత్తులో ఉన్న ఊళ్లు. ఈ తేడాని ముందు మనసులో పెట్టుకోండి. మిగతా జాగ్రత్తలన్నీ దాన్నుంచే వస్తాయి.

ఎప్పుడు, ఎవరితో

జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ చివరి దాకా ఈ దారి తెరిచి ఉంటుంది. జూన్‌లో పైన మంచు దండిగా ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో పచ్చదనం, పూలు కళ్లు తిప్పుకోనివ్వవు కానీ కొండచరియలు విరిగిపడేదీ అప్పుడే. 2023 జూలై వానలకి, ఈ నడక చివర చాలామంది చూసి వచ్చే చంద్రతాల్ సరస్సు దగ్గర రెండొందల మందికి పైగా యాత్రికులు రోజుల తరబడి ఇరుక్కుపోయారు. నన్నడిగితే సెప్టెంబర్. వాన తగ్గుతుంది, ఆకాశం తేటగా ఉంటుంది, దసరా రద్దీ ఇంకా మొదలవదు.

తోడు వచ్చేవాళ్లని ఎంచుకోవడమే ఇందులో అసలు కష్టం. మన బ్యాచ్‌లో ఎవడు సరదాగా ఉంటాడో అని చూడకండి. ఎవడు ఒంట్లో బాగోలేకపోతే నోరు తెరిచి చెబుతాడో చూడండి. నలుగురు దాటితే మనవాళ్లలోనే రెండు జట్లవుతాయి. ట్రెక్ నడిపించే సంస్థతో వెళితే పుణె, కోల్‌కతా, బెంగళూరు నుంచి వచ్చిన మరో పది పన్నెండు మంది కలుస్తారు. కొత్తవాళ్లతో కలిసి నడవడం నిజానికి మేలు, వాళ్ల ముందు మనం కొట్లాడుకోం కదా. డబ్బు కట్టేముందు మాత్రం సంస్థని మూడు విషయాలు అడగండి: ఎంతమందికి ఒక గైడు, ఆక్సిజన్ సిలిండర్ వెంట వస్తుందా, ఎవరికైనా బాగోలేకపోతే కిందికి ఎవరు దింపుతారు. "అదేం పర్లేదు సార్, అంతా మేం చూసుకుంటాం" అన్నవాళ్లని వదిలేయండి. నాకు మొదటిసారి దొరికింది అలాంటి జవాబే.

మూడో ప్రశ్న మీలో మీరు కూడా వేసుకోవాలి. ఒకరు వెనక్కి దిగాల్సి వస్తే తోడు ఎవరు దిగుతారు? ఈ మాట ట్రైన్‌లో కూర్చున్నప్పుడే తేల్చుకోండి. పైన, చలిలో, పాస్ ఇంకో పూట దూరంలో ఉందనగా ఈ చర్చ మొదలైతే మొహాలు మాడిపోతాయి.

మూడు నెలల ముందు: మెట్లు

ముందు ఒక మాట. ఎంత వ్యాయామం చేసినా ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాదన్న హామీ లేదు. జిమ్‌లో బరువులెత్తే కుర్రాడికి వచ్చి, యాభై ఏళ్ల పిన్నిగారికి రాకపోవచ్చు. మరి సాధన దేనికంటే, రోజుకి ఆరేడు గంటలు నడిచినా ఒళ్లు డీలా పడకుండా ఉండటానికి. అలిసిన ఒంటికి ఎత్తు మరింత బరువవుతుంది.

మొదటి నెల నడక. ఎండాకాలంలో మన ఊళ్లో పొద్దున ఆరు దాటితే నడవలేం, కాబట్టి ఐదింటికల్లా ప్రకాశం బ్యారేజీ మీద ఉండండి. బ్యారేజీ పొడవు కిలోమీటరు పైనే, రెండుసార్లు పోయి వస్తే ఐదు కిలోమీటర్ల దాకా లెక్క. మొదట నడక, తర్వాత నడకా పరుగూ కలిపి, చివరికి ఆ ఐదు కిలోమీటర్లు ముప్పై ఐదు, నలభై నిమిషాల్లో ఆగకుండా పరిగెత్తగలిగితే చాలు.

రెండో నెల నుంచి మెట్లు. బెజవాడవాళ్లకి దుర్గమ్మ మెట్లు, గాంధీ కొండ ఉన్నాయి. గుంటూరువాళ్లు మంగళగిరి పానకాలస్వామి మెట్లెక్కవచ్చు, ఆదివారాలు కోటప్పకొండకి గానీ కొండవీడు ఘాట్ రోడ్డుకి గానీ పోవచ్చు. పానకాలస్వామి దగ్గర ఇంకో లాభం ఉంది: ఎక్కి చెమటలు కక్కుతున్నవాడికి దోసిట్లో పోసే ఆ బెల్లం పానకాన్ని మించిన గ్లూకోజ్ లేదు. వారానికి మూడు రోజులు ఎక్కండి. మూడో నెలలో వీపున సంచి వేసుకుని, అందులో రెండేసి లీటర్ల నీళ్ల సీసాలు మూడు నాలుగు పెట్టుకుని ఎక్కండి. దిగేటప్పుడు మోకాళ్లకి దెబ్బ తగలకుండా సీసాలు పైనే పారబోసి దిగండి, ఏ చెట్టుకో పోస్తే సరిపోతుంది.

మెట్ల మీద ఇంకొకటి నేర్చుకోవాలి, అది నాకు రెండోసారికి గానీ అర్థం కాలేదు. పక్కనున్నవాడితో పూర్తి వాక్యం మాట్లాడుతూ ఎక్కగలిగినంత వేగమే మీ వేగం. మాట మధ్యలో తెగిపోతోందంటే మీరు ఎక్కువ వేగంగా ఎక్కుతున్నట్టే. ఆ లెక్క ఇక్కడే ఒంటికి పట్టించండి.

మనది మైదానం, మనవల్ల ఎక్కడవుతుందిలే అనుకునేవాళ్లకి: నెల్లూరు జిల్లా గాంధీజనసంగం నుంచి వెళ్లిన మల్లి మస్తాన్ బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ ఎక్కేశారు. అదీ సముద్రం పక్క జిల్లానే.

బీపీ, ఆస్తమా, గుండె జబ్బు, షుగర్ ఏదున్నా డాక్టర్ని కలవకుండా టికెట్ తీయొద్దు. ఎసిటజొలమైడ్, అంటే అందరూ డయామాక్స్ అనే మాత్ర గురించి కూడా అప్పుడే అడగండి. మామూలుగా ఎత్తుకి వెళ్లే ముందు రోజు నుంచి పూటకి 125 మిల్లీగ్రాముల చొప్పున రోజుకి రెండు పూటలా వాడమంటారు. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి డాక్టర్‌కి చెప్పి తీరాలి. వేళ్ల చివర తిమ్మిర్లు, మాటిమాటికీ మూత్రం దీని గుణాలే, కంగారు పడకండి. ఇది శరీరం త్వరగా అలవాటు పడటానికి సాయం చేస్తుంది. వచ్చిన జబ్బుని దాచిపెట్టి పైకి ఎక్కించే మందు మాత్రం కాదు.

సంచి

బూట్లు కనీసం నెల ముందు కొనండి. చీలమండ కప్పేవి, అడుగున గట్టి పట్టు ఉన్నవి, మందపు సాక్సు వేసుకున్నా ముందు వేలికి కొంచెం చోటు మిగిలేవి. కొన్నాక మెట్లెక్కేది వాటితోనే. కొత్త బూట్లతో జోబ్రాలో దిగినవాళ్లు రెండో రోజుకి కుంటుతారు. దిగుడులో వేలు ముందుకి తన్నుకుంటుంది కాబట్టి బయల్దేరే ముందు కాలి గోళ్లు పొట్టిగా కత్తిరించుకోండి. వాగులు దాటడానికి వెనక పట్టీ ఉన్న శాండల్స్ వేరేగా కావాలి.

బట్టల్లో నూలు వద్దు. మన ఎండకి నూలును మించింది లేదు గానీ అక్కడ చెమటకి తడిస్తే ఆరదు, ఆరకపోతే చలి ఎముకల్లోకి దిగుతుంది. జీన్సు అసలే వద్దు. త్వరగా ఆరే టీషర్టులు మూడు, ఉన్నిలా వెచ్చగా ఉండే ఫ్లీసు జాకెట్ ఒకటి, దూది నింపినట్టుండే మందపు జాకెట్ ఒకటి, పైన వానా గాలీ ఆపే జాకెట్ ఒకటి. చలి పెరిగితే ఒకదాని మీద ఒకటి వేస్తారు, నడిచి వేడెక్కితే ఒకటొకటే తీస్తారు. మందపు జాకెట్, చేతికర్ర మనాలీలో అద్దెకి దొరుకుతాయి. వాటి కోసం బీసెంట్ రోడ్డంతా తిరగక్కర్లేదు.

నల్ల కళ్లద్దాలు, సన్‌స్క్రీన్ తప్పనిసరి. "నలభై అయిదు డిగ్రీల ఎండ చూసినోళ్లం, మనకేంటి" అనొద్దు. ఎత్తు పెరిగేకొద్దీ ఎండలో కాల్చే గుణం పెరుగుతుంది, మంచు మీద నుంచి తిరిగి కళ్లలోకి కొడుతుంది. నా ముక్కు మీద చర్మం ఇంటికొచ్చాక వారం రోజులు పొరలుగా ఊడింది.

సర్దేటప్పుడు ముందు సంచి లోపల పెద్ద ప్లాస్టిక్ కవరు పరవండి. వాన కవరు పైన కప్పినా వీపు వైపు నుంచి తడి దిగుతుంది. అడుగున తేలికైనవి, బరువైనవి వీపుకి ఆనుకుని మధ్యలో, వాన జాకెట్ అన్నిటికన్నా పైన. మొత్తం పది కిలోలు మించితే ఏదో ఒకటి ఇంట్లో వదలాల్సిందే. బరువు నడుము పట్టీ మీద పడాలి, భుజాల మీద కాదు. ఆడవాళ్లు నెలసరి లెక్కతో పని లేకుండా ప్యాడ్లు, వాడినవి కిందికి తెచ్చుకోవడానికి గట్టి జిప్ కవర్లు పెట్టుకోండి. ఎత్తుకి, ప్రయాణానికి తేదీలు మారిపోవడం మామూలే.

ఇక పచ్చడి సంగతి. తీసుకెళ్లొద్దని చెబితే ఎలాగూ వినరు, నేనూ వినలేదు. మా అమ్మ ఆవకాయని సీసాకి కంఠం దాకా కుక్కి, మూత బిగించి, పైన గుడ్డ కట్టి ఇచ్చింది. మనాలీ దాటి, మొదటి రాత్రి ఆగే చీకా క్యాంపులో మూత తిప్పగానే బుస్సుమంది. లోపల మన ఊరి గాలి, బయట పల్చటి గాలి. చిప్స్ ప్యాకెట్లు బంతుల్లా ఉబ్బేదీ ఇందుకే. మూత సందులోంచి అప్పటికే కారిన నూనె నా ఒక్కగానొక్క ఫ్లీసుని ఎర్రగా చేసింది. నాలుగు రోజులు నా టెంట్‌లో ఆవకాయ వాసన, పక్కన పడుకున్న పుణె కుర్రాడికి మాత్రం నోట్లో నీళ్లు. కాబట్టి నూనె పచ్చడి వద్దు. కారప్పొడి, పుట్నాల పొడి చిన్న పొట్లాలుగా కట్టుకోండి. నడకలో తినడానికి సున్నుండలు, పల్లీ చిక్కీ. ఎత్తుకి ఆకలి చచ్చిపోతుంది, అప్పుడు నోటికి తెలిసిన రుచి ఒక్కటే రెండు ముద్దలు లోపలికి పంపిస్తుంది.

దారి

విజయవాడ నుంచి ఢిల్లీకి ఏపీ, తమిళనాడు, జీటీ, కేరళ ఎక్స్‌ప్రెస్‌లున్నాయి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, ఆ రోజే తీయండి. ఒక పగలూ ఒక రాత్రీ పైనే పడుతుంది. ఢిల్లీ నుంచి మనాలీకి రాత్రి బస్సు, పన్నెండు నుంచి పద్నాలుగు గంటలు. మలుపులకి వాంతులయ్యేవాళ్లు ముందు సీట్లు తీసుకుని రాత్రి తిండి తగ్గించండి.

మనాలీ ఎత్తు రెండు వేల మీటర్ల పైచిలుకు. అక్కడ ఒక పూర్తి రోజు ఆగండి. సెలవు లేదని ఈ రోజునే అందరూ కోసేస్తారు. నా మొదటి ట్రెక్‌లో తప్పు ఇక్కడే మొదలైంది: పొద్దున బస్సు దిగి, స్నానం చేసి, మధ్యాహ్నానికి జోబ్రా జీపెక్కాం. కోయాలనుకుంటే తిరుగు ప్రయాణంలో ఏదైనా కోయండి. నగదు మనాలీలోనే తీసుకోండి. ఇంటికి ఫోన్ చేసి "నాలుగు రోజులు సిగ్నల్ ఉండదు, ఫలానా రోజు సాయంత్రం చేస్తాను" అని తేదీతో సహా చెప్పండి. "రెండు మూడు రోజుల్లో చేస్తా" అంటే రెండో రోజు రాత్రికే ఇంట్లో దీపాలు ఆరవు.

నడక

మొదటి రోజు తేలిక. జోబ్రా నుంచి చీకా దాకా భోజపత్ర చెట్ల మధ్య రెండు గంటల నడక, క్యాంపు 3,100 మీటర్ల దగ్గర. రెండో రోజు రాణీ నాలా అనే వాగు వెంబడి పైకి, 3,600 మీటర్ల దగ్గరున్న బాలూ కా ఘేరాకి. గొర్రెల మందలతో గద్దీ కాపర్లు ఎదురవుతారు. మంద వస్తుంటే కొండ వైపు ఒదిగి నిలబడండి, లోయ వైపు కాదు.

వరసలో అందరికన్నా నిదానంగా నడిచేవాళ్లని గైడు వెనకే రెండోవారిగా పెట్టండి. చివరన నడిచే మనిషి గట్టివాడై ఉండాలి. మనవాళ్లు దీనికి సరిగ్గా ఉల్టా చేస్తారు. హుషారైనవాళ్లు ముందు పోయి బండ మీద కూర్చుంటారు, వెనకవాడు రొప్పుతూ చేరగానే "పద పద" అంటూ లేస్తారు. వాళ్లకి విశ్రాంతి దొరికింది, వాడికి దొరకలేదు.

రోజుకి మూడు నాలుగు లీటర్ల నీళ్లు గుటక గుటకగా తాగుతూ ఉండండి. గంటకోసారి ఐదు నిమిషాలు ఆగితే చాలు, ఎక్కువసేపు కూర్చుంటే ఒళ్లు చల్లబడుతుంది. క్యాంపు చేరాక వెంటనే పడుకోవద్దు. చెమట బట్టలు మార్చి, కాసేపు ఇంకొంచెం పైకి నడిచి దిగి రండి. మద్యం, సిగరెట్, నిద్ర మాత్రలు ఈ నాలుగు రోజులూ ముట్టొద్దు. రాత్రి ఫోను, పవర్ బ్యాంకు స్లీపింగ్ బ్యాగులో మీతో పాటే పడుకోవాలి, చలికి ఛార్జింగ్ కరిగిపోతుంది. వేడినీళ్లు పోసిన సీసాని సాక్సులో దూర్చి కాళ్ల దగ్గర పెట్టుకుంటే అదే మన కుంపటి.

అన్నం పలుగ్గా ఉందని వంటవాళ్ల మీద విసుక్కోకండి. ఆ ఎత్తులో నీళ్లు 88 డిగ్రీలకే మరిగిపోతాయి, కుక్కర్ లేకపోతే బియ్యం ఎంతసేపైనా గట్టిగానే ఉంటుంది.

తలనొప్పి దాచొద్దు

బాలూ కా ఘేరాలో మొదటిసారి నాకు జరిగింది ఇది. సాయంత్రం నుదుటి మీద పట్టీ బిగించినట్టు నొప్పి. ఎండ తగిలిందేమో అనుకున్నాను. రాత్రి పళ్లెంలో పప్పూ అన్నం ముందు పెట్టుకుని చెంచాతో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు జరుపుతూ కూర్చున్నాను. పక్కన మా గుంటూరు బావ "ఏంట్రా తినవు?" అంటే "ఇందాకే సున్నుండ తిన్నాలే బావా" అన్నాను. అబద్ధం. తెల్లారితే పాస్, ఇప్పుడు చెబితే ఆపేస్తారని భయం. అర్ధరాత్రి టెంట్ బయట వాంతి. ఆ చప్పుడుకి లేచిన గైడు నా మొహంలోకి టార్చి వేసి, నేల మీద గీత గీసి, ఒక పాదం మడమకి ఇంకో పాదం వేళ్లు తాకిస్తూ దాని మీద నడవమన్నాడు. నడిచాను గానీ పూర్తి చేసేసరికి గుండె దడదడ. "బుద్ధి బాగానే ఉంది, ఒళ్లు బాగోలేదు. పొద్దున పైకి వద్దు భయ్యా, కిందికి" అన్నాడు. చీకా చేరేసరికి తలనొప్పి సగం పోయింది, జోబ్రాలో పరోటాలు రెండు తిన్నాను. నాకు తోడు దిగిన బావ మాత్రం నాతో మూడు రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

ఎందుకిలా అవుతుందంటే, పైనా కిందా గాలిలో ఆక్సిజన్ 21 శాతమే. కానీ గాలి ఒత్తిడి పాస్ దగ్గర మన ఊరితో పోలిస్తే సుమారు 60 శాతమే ఉంటుంది, అందుకని ఒక్కో శ్వాసకి అందేది తగ్గిపోతుంది. శరీరం సర్దుకుంటుంది కానీ దానికి రోజులు కావాలి. మూడు వేల మీటర్లు దాటాక, పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకు మించి పెరగకూడదన్న లెక్క ఇందుకే.

తలనొప్పి ఉండి, దానికి తోడు వికారం, ఆకలి లేకపోవడం, కళ్లు తిరగడం, మామూలుకి మించిన నీరసంలో ఏదైనా ఉంటే అది ఎత్తు జబ్బే అనుకోండి. కాదని తేలేదాకా ఇంకో మీటరు కూడా పైకి వద్దు. అక్కడే ఆగి, నీళ్లు తాగి, కావాలంటే పారాసిటమాల్ వేసుకుని చూడండి. తగ్గితే తర్వాతి మాట. తగ్గకపోయినా, పెరిగినా కిందికి.

రెండు లక్షణాలకి మాత్రం తెల్లారేదాకా చూడటం కూడా లేదు. ఒకటి, తాగినవాడిలా తూలడం, మాట తడబడటం, ఎక్కడున్నాడో తెలియకపోవడం: మెదడులో నీరు చేరుతోంది. గీత మీద నడిపించేది దీన్ని పట్టడానికే. రెండోది, కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, గులాబీ రంగు నురగ కఫం: ఊపిరితిత్తుల్లో నీరు. రాత్రయినా వానయినా ఆక్సిజన్ పెట్టి వెంటనే కిందికి దించాలి. వందల మీటర్లు దిగడమే అసలు వైద్యం. ఆ మనిషిని ఒంటరిగా మాత్రం పంపకూడదు.

రాత్రి భోజనాల దగ్గర ఒకరి పళ్లెం ఒకరు చూడండి. మనవాడు ఆవకాయని కూడా వద్దంటున్నాడంటే ఆక్సీమీటరు కన్నా ముందు కబురు అందినట్టే.

పాస్ రోజు, ఆ మర్నాడు

వెలుతురు రాకముందే లేచి, తినబుద్ధి కాకపోయినా తిని బయల్దేరాలి. ఎనిమిది తొమ్మిది గంటల పని. ఎక్కేటప్పుడు ఒక అడుగు, ఒక శ్వాస. వెనక కాలు నిటారుగా చేసి దాని మీద క్షణం బరువు ఆనించి, అప్పుడు ముందు కాలు. ముసలాయన తాపీగా తిరుమల మెట్లెక్కుతున్నట్టుండాలి. పైకి చేరితే దేవ్ తిబ్బా, ఇంద్రాసన్ శిఖరాలు కనిపిస్తాయి. వెనక్కి తిరిగితే కులు వైపు పచ్చగా, ముందుకి చూస్తే లాహౌల్ వైపు గడ్డి పరక లేని గోధుమరంగు కొండలు. మధ్యలో మీరు నిలబడ్డది నాలుగడుగుల చోటు. ఫోటోలు తీసుకుని అరగంటలో దిగండి, మధ్యాహ్నమైతే మబ్బు పడుతుంది.

ఆ రాత్రి క్యాంపు ఉండే సియాగోరు వైపు దిగుడు ఎక్కుడు కన్నా కష్టం. రాళ్లు జారతాయి. మోకాళ్లు కొంచెం వంచి, మడమ ముందు ఆనించి, కర్ర ముందు వేసి దిగాలి. రెండోసారి ఇక్కడే నేను కూర్చున్నట్టు జారి ఓ ఇరవై అడుగులు పోయాను, పాంటు వెనక చిరుగుతో చత్రు దాకా నడిచాను.

మర్నాడు పొద్దున్నే సియాగోరు దగ్గర వాగు దాటాలి. పొద్దున్నే ఎందుకంటే ఎండెక్కేకొద్దీ పైన మంచు కరిగి నీరు పెరుగుతుంది. బూట్లు విప్పి శాండల్స్ వేసుకోండి, ఉత్త కాళ్లతో వద్దు. సంచి నడుము పట్టీ విప్పేయండి, పడిపోతే సంచి వదిలించుకోగలగాలి. మొహం నీళ్లు వచ్చే వైపు పెట్టి, ఒకరి మణికట్టు ఒకరు పట్టుకుని, పక్కకి అడుగులు వేస్తూ దాటండి. పదో అడుగుకి పాదాలున్నాయో లేవో తెలియదు. కృష్ణలో ఈదినవాళ్లమని ధీమా పడొద్దు, అక్కడ మోకాలి లోతు నీరే మనిషిని పడేస్తుంది. ఒడ్డుకి రాగానే తుడుచుకుని పొడి సాక్సు.

అక్కణ్ణుంచి చంద్రా నది ఒడ్డున చత్రుకి దిగిపోతారు. రోడ్డు బాగుంటే జీపులో చంద్రతాల్ చూసి రావచ్చు. అదీ 4,250 మీటర్ల ఎత్తే కనుక ఒంట్లో బాగోలేనివాళ్లు వెళ్లకూడదు. తిరుగు దారిలో 2020లో తెరిచిన, తొమ్మిది కిలోమీటర్ల పొడవున్న అటల్ సొరంగం గుండా మనాలీ చేరతారు. నాలుగు రోజుల్లో కాలినడకన దాటిన కొండల అవతలికి పదిహేను నిమిషాల్లో వచ్చేస్తే కాస్త అవమానంగానే ఉంటుంది.

చిక్కీ కాగితాలు, తడి టిష్యూలు అన్నీ మీతోనే కిందికి రావాలి. సిగ్నల్ రాగానే ముందు ఇంటికి ఫోన్, తర్వాతే ఫోటోలు. అద్దె జాకెట్ తిరిగి ఇచ్చేముందు జేబులన్నీ తడుముకోండి. నా కారప్పొడి పొట్లం అందులోనే ఉండిపోయిందని ఢిల్లీలో ట్రైన్‌లో భోజనం విప్పాక గుర్తొచ్చింది. ఆ జాకెట్ తర్వాత ఎవరు వేసుకున్నారో, జేబులో చెయ్యి పెట్టి కళ్లు నులుముకున్నారో ఏమో.